వైద్యం వదిలేశారు.. వెలుగును రెండు దారుల్లో నడిపించారు

డిగ్రీలో ఒకటి చదివి, ఇప్పుడు ఇంకోదానికి ప్రిపేర్ అవుతున్నారా? మెకానికల్ చేసి బ్యాంకు పరీక్షలకు, బీఎస్సీ ఫిజిక్స్ చేసి గ్రూప్స్‌కు, బీఫార్మసీ చేసి కోడింగ్‌కు.. మన దగ్గర ఇదేమీ కొత్త కాదు. ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న కూడా పాతదే. అన్నేళ్లు చదివిన చదువు ఏమైపోయినట్టు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది రెండు వందల ఏళ్ల కిందటి ఓ లండన్ డాక్టరు. పేరు విలియం హైడ్ వొలాస్టన్. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు ఈ పేరును ఆప్టిక్స్ పేపర్లో, నికోల్ ప్రిజం పక్కన చూసే ఉంటారు. వొలాస్టన్ ప్రిజం ఈయనదే. 5 మార్కుల షార్ట్ ఆన్సర్‌గా బట్టీపట్టి వదిలేసే ఆ చిన్న గాజుముక్కలాంటి వస్తువు వెనక పెద్ద కథే ఉంది.

ముందే ఒక మాట. ఇది చదివి రేపే ఉద్యోగానికి రాజీనామా రాయకండి. ఆయనకున్న వెసులుబాట్లు అందరికీ ఉండవు. అవేంటో కూడా దాచకుండా చెబుతాను.

వొలాస్టన్ 1766 ఆగస్టు 6న ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో, ఈస్ట్ డీరమ్ అనే ఊళ్లో పుట్టారు. నాన్న ఫ్రాన్సిస్ చర్చి పాస్టరు. కానీ సొంతంగా టెలిస్కోపులు పెట్టుకుని నక్షత్రాల జాబితాలు తయారుచేసేంత ఆసక్తి ఉన్న మనిషి. ఇంట్లో పదిహేను మందికి పైగా పిల్లలు. ఒక అన్నయ్య తర్వాత కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అలాంటి ఇంట్లో సైన్స్ కబుర్లు భోజనాల దగ్గర కూడా నడిచేవే. అయితే సైన్స్ అప్పట్లో ఉద్యోగం కాదు. జీతం ఇచ్చే ల్యాబులు లేవు, రీసెర్చ్ ఫెలోషిప్పులు లేవు. బతకాలంటే చర్చి, లా, సైన్యం, వైద్యం.. వీటిలో ఏదో ఒకటి. విలియం వైద్యం ఎంచుకున్నారు. కేంబ్రిడ్జ్‌లోని కీస్ కాలేజీలో చదివి, 1793లో ఎండీ పట్టా తీసుకున్నారు. రాయల్ సొసైటీకి ఎన్నికైంది కూడా ఆ ఏడాదే.

1789లో హంటింగ్డన్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అక్కడి నుంచి బరీ సెయింట్ ఎడ్మండ్స్. 1797లో లండన్. చిన్న ఊరి నుంచి మహానగరానికి.. ఇప్పటి కుర్ర డాక్టర్లు వెళ్లే దారే. కానీ ఆయనకు ఆ పనిలో ఊపిరాడేది కాదు. రోగి పరిస్థితి బాగాలేకపోతే రాత్రంతా దిగులు. తప్పు చేశానేమోనన్న భయం. లండన్‌లో సెయింట్ జార్జ్ హాస్పిటల్ ఫిజీషియన్ పోస్టుకు పోటీపడ్డారు, రాలేదు. ఆ కోపంతోనే వైద్యం మానేశారని పాత జీవిత చరిత్రల్లో రాశారు. నాకు మాత్రం అది సగం కారణమే అనిపిస్తుంది. ఒక్క పోస్టు రాకపోతే పదేళ్ల ప్రాక్టీసు వదిలేయరు ఎవరూ. అప్పటికే మనసు విరిగి ఉండాలి. 1800 సంవత్సరం ముగిసేసరికి, 34 ఏళ్ల వయసులో, ఆయన డాక్టరు పని పూర్తిగా మానేశారు.

వెసులుబాటు అన్నానే, అది ఇక్కడుంది. సరిగ్గా ఆ రోజుల్లో కుటుంబం నుంచి ఆయన చేతికి కొంత డబ్బు అందింది. పెళ్లి చేసుకోలేదు, చివరిదాకా ఒంటరే. నెలకు ఇంత పంపాలని ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. ఆ డబ్బుతో హాయిగా కాలక్షేపం చేయొచ్చు. ఆయనేమో లండన్‌లోని బకింగ్‌హాం స్ట్రీట్‌లో 1801లో ఒక ఇల్లు కొని, వెనకవైపు ల్యాబు పెట్టారు. కాలేజీ స్నేహితుడు స్మిత్సన్ టెనంట్‌తో కలిసి రహస్యంగా వ్యాపారం మొదలుపెట్టారు. సరుకు ఏంటంటే ప్లాటినం ముడి ఖనిజం. ఇప్పటి కొలంబియా ప్రాంతం నుంచి జమైకా మీదుగా దొంగచాటుగా వచ్చిన సరుకు అది. 1800 డిసెంబరులో ఒకేసారి దాదాపు 6,000 ఔన్సులు, సుమారు 800 పౌండ్లు పెట్టి కొనేశారు.

ప్లాటినం అప్పట్లో ఎవరికీ లొంగని లోహం. 1,768 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ కరగదు, అంత వేడి ఇచ్చే కొలిమి ఎవరి దగ్గరా లేదు. వొలాస్టన్ దాన్ని కరిగించాలని చూడలేదు. ఆమ్లంలో కరిగించి, అమ్మోనియం క్లోరైడ్‌తో అవక్షేపం చేసి, వేడిచేసి, మెత్తని పొడి తీశారు. ఆ పొడిని తడిపి అచ్చులో గట్టిగా నొక్కి, మళ్లీ కాల్చి, సుత్తితో కొట్టి దిమ్మగా మార్చారు. ఇప్పుడు ఇంజినీరింగ్‌లో పౌడర్ మెటలర్జీ అని చదువుకుంటున్నది దాదాపు ఇదే. గంధకామ్లం తయారుచేసేవాళ్లకు ప్లాటినం బాయిలర్లు, తుపాకులు చేసేవాళ్లకు మందు అంటించే రంధ్రాల తొడుగులు.. ఇలా అమ్మకాలు బాగా సాగాయి. పద్ధతి మాత్రం బయటికి చెప్పలేదు. దాదాపు పాతికేళ్లు.

ఈ రహస్యాల అలవాటు ఆయనను ఒకసారి పెద్ద గొడవలోకి లాగింది. ప్లాటినం తీశాక మిగిలిన ద్రావణంలో 1802లో ఒక కొత్త లోహం కనిపించింది. పల్లాస్ అనే గ్రహశకలాన్ని అప్పుడే కనిపెట్టారు కాబట్టి, పల్లాడియం అని పేరుపెట్టారు. మీరైతే ఏం చేస్తారు? పేపర్ పబ్లిష్ చేస్తారు. ఆయన 1803లో, పేరు చెప్పకుండా, సోహో ప్రాంతంలోని ఒక దుకాణంలో కొత్త వెండి అంటూ అమ్మకానికి పెట్టించారు! ఒక చిన్న కరపత్రం, అంతే. రిచర్డ్ షెనెవిక్స్ అనే కెమిస్టుకు ఇది మోసం అనిపించింది. ఆ లోహం కొని, పరీక్షించి, ప్లాటినం, పాదరసం కలిపిన మిశ్రమమేనని రాయల్ సొసైటీలో పేపర్ చదివేశారు. ఆ ఏడాది కాప్లీ మెడల్ కూడా ఆయనకే వచ్చింది. అప్పుడు వొలాస్టన్ ఇంకో పేరులేని ప్రకటన ఇప్పించారు. ఈ లోహాన్ని కృత్రిమంగా తయారుచేసి చూపిస్తే 20 పౌండ్ల బహుమతి అని. ఎవరూ చేయలేకపోయారు. చివరికి 1805లో, అది నేనే కనిపెట్టానని ఒప్పుకున్నారు. అప్పటికే ఆయన రాయల్ సొసైటీ సెక్రటరీ. సాటి శాస్త్రవేత్త అందరి ముందూ పొరబడుతుంటే నోరు మెదపకుండా చూశారన్న విమర్శ అలాగే ఉండిపోయింది. న్యాయమైన విమర్శే. ఇంతకూ ఆ పల్లాడియం, 1804లో ఆయనే కనిపెట్టిన రోడియం ఎక్కడున్నాయో తెలుసా? ఇప్పటి వాహనాల సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లలో.

సరే, వెలుగు సంగతికి వద్దాం. ప్లాటినం ఇల్లు గడిపింది, ఆయన మనసు మాత్రం స్ఫటికాల మీద ఉంది. 1802లో రాయల్ సొసైటీ ముందు పెట్టిన పేపర్లలో ఒకటి ఐస్‌లాండ్ స్ఫటికం గురించి. కాల్సైట్ అని మీకు తెలిసిందే. పుస్తకంలో అక్షరం మీద ఈ రాయి పెట్టి చూస్తే అక్షరం రెండుగా కనిపిస్తుంది. 1669లోనే డెన్మార్క్‌కు చెందిన బార్తోలిన్ దీన్ని గమనించారు. ఆ తర్వాత డచ్ శాస్త్రవేత్త హైగెన్స్, వెలుగు తరంగం అనుకుంటే ఈ రెండు కిరణాలు ఏ దారిన వెళ్తాయో గీసి చూపించారు. కానీ న్యూటన్ పేరు ముందు హైగెన్స్ లెక్కను వందేళ్లకు పైగా ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. వొలాస్టన్ వేర్వేరు కోణాల్లో కొలిచి చూశారు. హైగెన్స్ లెక్కే సరిపోయింది. ఆయన పెద్దగా వాదించలేదు, కొలతలు ముందుపెట్టి ఊరుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు ఫ్రాన్స్‌లో మాలస్ ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లి, పోలరైజేషన్ అనే మాటను పుట్టించారు. తెలుగు మీడియంలో ధ్రువణం అని చదివారు కదా, అదే.

ధ్రువణం అంటే ఏంటో ఒక్క నిమిషం. పెరట్లో బట్టలారేసే తాడు ఒక కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. అల నిలువుగా వెళ్తుంది. పక్కలకు ఊపితే అడ్డంగా వెళ్తుంది. ఆ తాడు నిలువు ఊచలున్న కిటికీలోంచి వెళ్తోందనుకోండి. నిలువు అల దాటుతుంది, అడ్డం అల ఊచలకు తగిలి ఆగిపోతుంది. వెలుగులో కూడా కంపనాలకు ఇలా దిశ ఉంటుంది. సూర్యుడి వెలుగులో అన్ని దిశలూ కలిసి ఉంటాయి. పోలరాయిడ్ కళ్లద్దాలు కిటికీ ఊచల్లాంటివి, ఒక దిశను ఆపేస్తాయి. ఆ కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌ను తిప్పితే ఒక కోణంలో స్క్రీన్ నల్లబడటం చూసే ఉంటారు. కాల్సైట్ చేసేది వేరు. అది ఏ దిశనూ ఆపదు. ఒక్కో దిశను ఒక్కో దారిలో పంపుతుంది. అక్షరం రెండుగా కనపడేది అందుకే.

ఇక ఆయన ప్రిజం. 1820లో ఒక చిన్న పేపర్. పేరు చూస్తే ఎవరికీ ఆసక్తి పుట్టదు, మైక్రోమీటర్ల కోసం క్వార్ట్జ్ స్ఫటికాన్ని కోసే పద్ధతుల గురించి అని ఉంటుంది. అప్పటికి ఖగోళ శాస్త్రవేత్తలకు ఒక ఇబ్బంది. టెలిస్కోపులో కనిపించే గ్రహం ఎంత వెడల్పుందో కొలవాలి. ఆ కోణం చాలా చిన్నది, గ్రహం కదులుతూ ఉంటుంది. దారం గీతల మధ్య దాన్ని పట్టుకోవడం కష్టం. ఫ్రాన్స్‌లో రోషాన్ అనే మతాచార్యుడు అంతకుముందే ఒక ఉపాయం చేశారు. ద్వివక్రీభవనం ఉన్న స్ఫటికంతో ఒక బొమ్మను రెండు బొమ్మలుగా చేసి, రెండూ అంచుకు అంచు తగిలేలా సర్దితే, స్ఫటికం విడదీసే కోణం మనకు ముందే తెలుసు కాబట్టి, గ్రహం వెడల్పు లెక్కకు వచ్చేస్తుంది. తెలివైన ఉపాయమే. కానీ రోషాన్ ప్రిజంలో ఒక కిరణం సూటిగా పోతుంది, ఒక్కటే వంగుతుంది.

వొలాస్టన్ చేసిన మార్పు కోతలో ఉంది. రెండు ముక్కోణపు ప్రిజాలను ఏటవాలు ముఖాల దగ్గర అతికించి ఒక దిమ్మ చేయాలి. స్ఫటికానికి దృగక్షం అని ఒక ప్రత్యేకమైన దిశ ఉంటుంది. మొదటి ముక్కలో ఆ అక్షం ఒక వైపు, రెండో ముక్కలో దానికి లంబంగా ఉండేలా కోశారు. రెండు అక్షాలూ కిరణం వచ్చే దారికి అడ్డంగానే ఉంటాయి. కిరణం సూటిగా మొదటి ముక్కలోకి వెళ్తుంది. అక్కడ రెండు ధ్రువణాలూ ఒకే దారిలో, కానీ వేర్వేరు వేగాలతో నడుస్తాయి. మధ్యలో ఏటవాలు అతుకు దగ్గరికి రాగానే పాత్రలు మారిపోతాయి. ఇప్పటిదాకా నెమ్మదిగా నడిచింది వేగం పెంచుతుంది, వేగంగా వచ్చింది నెమ్మదిస్తుంది. దాంతో ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి వంగుతాయి. అంటే రెండూ విడిపోతాయి, రోషాన్ దానికంటే దాదాపు రెట్టింపు కోణంలో.

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఈ లెక్క రాసి పెట్టుకోండి. విడిపోయే మొత్తం కోణం సుమారుగా, రెండు వక్రీభవన గుణకాల తేడాను 2తో, ఏటవాలు కోణం టాంజెంట్‌తో గుణిస్తే వస్తుంది. క్వార్ట్జ్‌లో ఆ తేడా 0.009 మాత్రమే. 45 డిగ్రీల కోతకు కోణం దాదాపు 1 డిగ్రీ. కాల్సైట్‌లో తేడా 0.17 పైనే, కోణం 20 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తుంది. వొలాస్టన్‌కు కావాల్సింది చిన్న కోణాల కొలత, కాబట్టి క్వార్ట్జ్ చాలు. పైగా కాల్సైట్ మెత్తన, గోరుతో కాకపోయినా రాగి నాణేనికే గీత పడుతుంది. క్వార్ట్జ్ గట్టిది, చక్కగా పాలిష్ పడుతుంది. ఇంకో సంగతి గమనించండి. వెలుగు కంపనాలు అది వెళ్లే దారికి పూర్తిగా అడ్డంగానే ఉంటాయని ఫ్రెనెల్ గట్టిగా చెప్పింది 1821లో. సిద్ధాంతం పూర్తిగా కుదురుకోకముందే ఈ పరికరం పనిచేసేస్తోందన్నమాట.

నికోల్‌కు, దీనికి తేడా ఏంటని వైవాలో తప్పకుండా అడుగుతారు. 1828లో ఎడిన్‌బరోలో విలియం నికోల్ చేసిన ప్రిజం ఒక కిరణాన్ని పక్కకు నెట్టేసి రెండోదాన్నే వాడుకుంటుంది. వొలాస్టన్ ప్రిజం రెండింటినీ ఉంచుతుంది. ఆ తేడా పరీక్షలో 2 మార్కులు, పనిలో మాత్రం చాలా పెద్దది. నక్షత్రం నుంచి వచ్చే వెలుగు ఎంత ధ్రువణమైందో కొలవాలనుకోండి. మధ్యలో మన వాతావరణం, మబ్బు తునకలు, గాలి కదలిక. ఒక ధ్రువణాన్ని ఇప్పుడు, ఇంకోదాన్ని కాసేపాగి కొలిస్తే ఆకాశం అప్పటికే మారిపోతుంది. రెండింటినీ ఒకే క్షణంలో ఒకే కెమెరా మీద పక్కపక్కన పడేస్తే, ఆ మార్పు రెండింటికీ సమానంగా ఉంటుంది, నిష్పత్తి తీస్తే కొట్టేసుకుపోతుంది. పుణెలోని ఐయూకా సంస్థ తయారుచేసుకున్న ఇమేజింగ్ పోలారిమీటర్‌లో ఉన్నది వొలాస్టన్ ప్రిజమే.

బయాలజీ వాళ్లు కూడా దీన్ని వాడుతున్నారు, పేరు తెలియకుండానే. డీఐసీ మైక్రోస్కోపులో రంగు వేయని బతికున్న కణాలు ఉబ్బెత్తుగా, త్రీడీ బొమ్మల్లా కనిపిస్తాయి కదా. అక్కడ వెలుగును రెండు ధ్రువణాలుగా, వెంట్రుకకంటే తక్కువ ఎడంతో విడదీసి, కణం దాటాక మళ్లీ కలిపేది వొలాస్టన్ ప్రిజమో, 1950లలో నొమార్స్కీ దానికి చేసిన మార్పో. సీడీ ప్లేయర్లలో డిస్క్ మీదికి వెళ్లే లేజర్‌ను, తిరిగొచ్చే లేజర్‌ను వేరుచేసిన చిన్న క్యూబు కూడా ఇదే కుటుంబం. నగరాల మధ్య, సముద్రాల కింద నడిచే ఫైబర్ లైన్లలో ఇప్పుడు ఒకే రంగు వెలుగు మీద రెండు ధ్రువణాల్లో రెండు వేర్వేరు డేటా ప్రవాహాలు పంపుతున్నారు. వాటిని ఒక కొసలో కలిపి రెండో కొసలో విడదీసే పనికి పోలరైజేషన్ బీమ్ స్ప్లిటర్లు కావాలి. ఫైబర్ లోపలే, చిప్ మీదే అవి ఉంటాయి. స్ఫటికం కనిపించదు, సూత్రం అదే.

మరి ఉద్యోగాలు? బ్రాంచి పేరు చూసి ఫొటోనిక్స్ మనది కాదనుకునేవాళ్లు చాలామంది. డెహ్రాడూన్‌లో డీఆర్‌డీఓ వారి ఐఆర్‌డీఈ, బెంగళూరులో ఇస్రో వారి లియోస్, హైదరాబాద్‌లో లేజర్లపై పనిచేసే డీఆర్‌డీఓ ల్యాబు చెస్, మన మచిలీపట్నంలో నైట్ విజన్ పరికరాలు చేసే భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్.. ఇవన్నీ ఆప్టిక్స్ తెలిసినవాళ్లకు పని ఉన్న చోట్లే. నోటిఫికేషన్లలో ఫిజిక్స్, ఈసీఈ, మెకానికల్ అనే ఉంటుంది, ఆప్టిక్స్ అన్న మాట లోపల పని వివరాల్లో దాక్కుని ఉంటుంది. అది కూడా చదవండి. ఎమ్మెస్సీలోనో, ఎంటెక్‌లోనో లేజర్లు, ఫొటోనిక్స్ తీసుకోవాలనుకుంటే కొచ్చిన్ యూనివర్సిటీలో ప్రత్యేకంగా ఫొటోనిక్స్ స్కూలే ఉంది. ప్రాక్టికల్‌లో ప్రిజం సర్దిన చేయికి ఇక్కడ విలువ ఉంటుంది, రికార్డు కాపీకొట్టిన చేయికి ఉండదు.

చేయి అంటే గుర్తొచ్చింది. వొలాస్టన్‌కున్న పేరంతా ఆ చేతిదే. ఒకసారి విదేశం నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకరు ఆయన ల్యాబు చూపించమన్నారట. వొలాస్టన్ ఒక చిన్న ట్రే తెప్పించారు. అందులో కొన్ని వాచ్ గ్లాసులు, పరీక్ష కాగితాలు, ఒక చిన్న త్రాసు, ఊదుగొట్టం. ల్యాబు అంతేనని చెప్పారట. ఇది ఎంతవరకు నిజమో గానీ, సగమే నిజమని అనుకోవాలి. ప్లాటినం కొలిమి వెనక గదిలో ఉంది, దాన్ని ఎవరికీ చూపించరు కదా! అయినా చిన్న వస్తువులతో పనిచేయడం ఆయన ప్రత్యేకతే. దర్జీ వేలితొడుగు అంత బ్యాటరీ చేసి సన్నని ప్లాటినం తీగను ఎర్రగా మండించారు. ఆ తీగ ఎంత సన్నమంటే, ప్లాటినాన్ని వెండి లోపల పెట్టి రెండింటినీ కలిపి సాగదీసి, తర్వాత వెండిని ఆమ్లంలో కరిగించి తీశారు. ఇప్పటికీ దాన్ని వొలాస్టన్ తీగ అనే అంటారు. 1809లో చేసిన పరావర్తన గోనియోమీటరుతో కొద్ది మిల్లీమీటర్ల స్ఫటికం ముఖాల మధ్య కోణాన్ని కూడా కచ్చితంగా కొలవొచ్చు. 1806 డిసెంబరులో పేటెంట్ తీసుకున్న కెమెరా లూసిడా అనే ప్రిజం పరికరంతో, కాగితం మీద పెన్సిల్ కొననూ, ఎదురుగా ఉన్న దృశ్యాన్నీ ఒకే కంటితో చూస్తూ బొమ్మ గీసుకోవచ్చు. 1833లో దాంతో ఇటలీలోని ఓ సరస్సు బొమ్మ గీయబోయి, గీత కుదరక విసిగిపోయిన ఇంగ్లిషాయన టాల్బట్. ఆ విసుగులోంచే ఫొటోగ్రఫీ ఆలోచన ఆయనకు మొదలైంది.

ఇన్ని చేసినా చేజారినవీ ఉన్నాయి. 1802లోనే సూర్యకాంతి వర్ణపటంలో నల్లని గీతలు చూశారు. రంగుల మధ్య సరిహద్దులు అనుకుని వదిలేశారు. 1814 నుంచి ఫ్రాన్‌హోఫర్ వాటిని వందల్లో లెక్కపెట్టి కొలిచారు, అవి ఆయన పేరుతోనే ఉన్నాయి. సూర్యుడిలో ఏ మూలకాలున్నాయో చెప్పేవి ఆ గీతలే. 1821 సంగతి ఇంకా చేదు. కరెంటు ప్రవహించే తీగ, అయస్కాంతం దగ్గరపెడితే తన చుట్టూ తాను తిరగాలని వొలాస్టన్ అనుకున్నారు. హంఫ్రీ డేవీతో కలిసి ప్రయత్నిస్తే తిరగలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో డేవీ దగ్గర పనిచేసే మైకేల్ ఫారడే అనే కుర్రాడు, తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి, వొలాస్టన్ పేరు ప్రస్తావించకుండా ప్రచురించేశాడు. ఆలోచన దొంగిలించాడని లండన్ అంతా గుసగుసలు. ఫారడే కమ్మరి కొడుకు, బుక్ బైండింగ్ నేర్చుకుని వచ్చినవాడు. ఆ మచ్చ నిలిచిపోతే కెరియర్ అక్కడే ఆగేది. కంగారుపడి వొలాస్టన్‌ను కలవాలని అడిగాడు. వొలాస్టన్ ప్రశాంతంగా మాట్లాడి పంపేశారు. రెండు ప్రయోగాలూ ఒకటి కావని ఆయనకు తెలుసు. ఫారడేను రాయల్ సొసైటీ ఫెలోగా ప్రతిపాదించిన పత్రం మీద వొలాస్టన్ సంతకం ఉంది. షెనెవిక్స్ విషయంలో మౌనంగా ఉండిపోయిన మనిషి ఈయనే. వయసు నేర్పిందో, ఆ పాత గొడవ నేర్పిందో.

1820లో జోసెఫ్ బ్యాంక్స్ చనిపోయాక కొన్ని నెలలు రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉన్నారు. పూర్తికాలం పోటీకి మాత్రం నిలబడలేదు, డేవీకి వదిలేశారు.

ఆయన కళ్లు ఎప్పటి నుంచో సంకేతాలిస్తున్నాయి. ఒక్కోసారి చూపులో సగభాగమే కనిపించేది. ఎదుటి మనిషి ముఖం కూడా సగమే. చాలామంది భయపడిపోతారు. డాక్టరు పని వదిలేసిన ఆ మాజీ డాక్టరు మాత్రం దాన్ని గమనించి, రెండు కళ్ల నరాలు సగం సగం అటూ ఇటూ దాటుకుని మెదడుకు వెళ్తాయని తర్కించి, 1824లో పేపర్ రాశారు. ప్రాక్టీసు మానేసిన పాతికేళ్లకు వైద్యం చదువు అలా పనికొచ్చింది. 1828లో ఎడమ చేయి మొద్దుబారడం మొదలైంది. మెదడులో గడ్డ. మిగిలింది కొద్ది నెలలేనని అర్థమైంది. అప్పుడు చేసిన పని చూడండి. పాతికేళ్లుగా దాచిన ప్లాటినం పద్ధతిని పూర్తిగా చెప్పి రాయించారు. నవంబరులో రాయల్ సొసైటీలో దాన్ని చదివారు. ఆమ్లం ఎంత, నొక్కుడు ఎలా, వేడి ఎంతసేపు, అన్నీ. సొసైటీకి 2,000 పౌండ్లు, జియలాజికల్ సొసైటీకి 1,000 పౌండ్లు ఇచ్చారు.

చివరి రోజున ఆయనకు స్పృహ లేదని పక్కనున్నవాళ్లు అనుకున్నారట. మాట రావడం లేదు. సైగతో పెన్సిల్, కాగితం అడిగి, కొన్ని అంకెలు వరుసగా రాసి, కూడి, మొత్తం సరిగ్గా వేసి ఇచ్చారట. 1828 డిసెంబరు 22న మరణించారు. వయసు 62.

జియలాజికల్ సొసైటీ ఆ 1,000 పౌండ్లతో ఒక మెడల్ పెట్టింది. 1831లో మొదటిసారి అందుకున్నది విలియం స్మిత్, కాలేజీ మెట్లెక్కని సర్వేయరు, కాలువలు తవ్వేచోట తిరుగుతూ ఇంగ్లండ్ రాతిపొరల మ్యాప్ గీసిన మనిషి. 1859లో డార్విన్‌కు ఇచ్చారు. మొదట్లో బంగారంతో చేసేవారు. తర్వాత లోహం మార్చారు, ఇప్పుడు ఆ మెడల్‌ను సోహో దుకాణంలో పేరులేని కరపత్రంతో అమ్మిన ఆ పల్లాడియంతోనే చేస్తున్నారు.